రెండు వేళ్ల వదులు

పోయిన వారం మల్లేశాన్ని మనం శామీర్‌పేట పొలంలో, బర్రెలు నీళ్ళు తాగే సిమెంటు తొట్టి పక్కన వదిలేసి వచ్చాం. తొట్టి నిండా ఐసు ఫ్యాక్టరీ నుంచి ఆటోలో తెప్పించిన మంచుగడ్డలు. అందులో దిగిన కూతురు అశ్రితకు ఒంటి మీద కొత్త రబ్బరు సూటు ఉంది. అయినా కాసేపటికే పళ్ళు కరుచుకుపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చింది. గట్టు పట్టుకుందామంటే వేళ్ళు వంగలేదు. తండ్రే తొట్టిలోకి దూకి, చంకల్లో చేతులు వేసి బయటికి లాగాడు. గోనెసంచులు, దుప్పట్లు, పొయ్యి సెగ, ఏది దొరికితే అది. పిల్ల పెదవులకు రంగు తిరిగొచ్చేదాకా మల్లేశం పక్కనుంచి కదలలేదు.

ఈ కథను కొత్తగా చేతికి తీసుకున్నవాళ్ళకు ఒక్క మాట. అశ్రిత సర్ఫింగ్ చేస్తుంది. మనిషంత పొడుగు పలక మీద నిలబడి, విరిగే అల వీపున జారుకుంటూ ఒడ్డుకు రావడం ఆ ఆట. విశాఖలో డిగ్రీ చదవడానికి పోయి ఈ పిచ్చి అంటించుకొచ్చింది. మేడ్చల్ వైపు మనుషులకు సముద్రం అంటే టీవీలో చూసే తుఫానే. "దాన్ల నౌకరొస్తదా?" అని ఒకరు, "గా ఆటకు లగ్గమైతదా?" అని ఇంకొకరు. ఎవరేమన్నా, జనవరిలో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో జరిగే పోటీకి ఈ దేశం నుంచి వెళ్ళే కొద్దిమందిలో ఆమె పేరు వచ్చింది. అక్కడి చల్లటి నీళ్ళలోకి, ఒంటి వేడిని కాపాడే రబ్బరు వెట్‌సూటు లేనిదే దిగలేరు. బయటి నుంచి తెప్పించిన సూటు భుజాల దగ్గర బిర్రు, పిక్కల దగ్గర సంచి. ఎవరి ఒళ్ళో చూసి కోసిన కొలత ఇంకెవరికో ఎలా అతుకుతుంది? అందుకే గుండ్లపోచంపల్లిలో మోకాలి పట్టీలు, నడుం బెల్టులు కుట్టే మహేందర్‌తో, అదే రబ్బరు స్పాంజి గుడ్డ మీద కుట్టించారు. తొట్టిలో నీళ్ళు తాగింది ఆ సూటే.

ఆ తడి సూటును సంచిలో కుక్కుకొని మల్లేశం బండెక్కాడు.

కోపం వచ్చినవాడికి తొవ్వ తెలుస్తుంది గానీ, ఎక్కడ ఆగాలో తెలియదు. మేడ్చల్ మీదుగా హైవే ఎక్కి, లారీలను తిట్టుకుంటూ, గోదాముల సందులో ఉన్న రేకుల షెడ్డు ముందు బండి ఆపాడు. స్టాండు వేయడం కూడా మర్చిపోయాడు. బండి గోడకు ఒరిగింది.

లోపల గమ్ము వాసన. ఒక మూల మహేందర్ బల్ల మీద వంగి నల్లటి గుడ్డ కోస్తున్నాడు. మిషను మీద అతని భార్య నాగమణి.

"ఏం కుట్టినవురా మహేందర్!" సంచిని బల్ల మీద విసిరాడు మల్లేశం. "సూటు కుట్టమంటే గోనెసంచి కుట్టినవ్. నా బిడ్డ సచ్చేదుండె!"

మహేందర్ కత్తెర పక్కన పెట్టాడు. "పిల్ల ఎట్లున్నది పటేలా?"

"ఉన్నది. నీ పుణ్యాన కాదు, నా చేతుల పుణ్యాన ఉన్నది."

మహేందర్ ఇంకేం అనకుండా సూటు తీసి, లోపలి వైపు బయటికి తిప్పాడు. ఈ గుడ్డను మామూలు బట్టలా కుట్టకూడదు. అంచుకు అంచు గమ్ముతో అతికించి, సూది గుడ్డ సగం మందం దాకానే దిగేట్టు కుట్టాలి. అవతలికి దిగితే ఆ కన్నంలోంచి నీళ్ళు వస్తాయి. అతుకు వెంట అతుకు వేలితో నొక్కుకుంటూ వెళ్ళాడు.

"కుట్టు యాడ పగల్లే. గమ్ము యాడ ఊడలే."

"మరి నీళ్ళు ఆకాశంల కెల్లి వచ్చినయా?"

"మెడ కాడికెల్లి వచ్చినయి. లోపల జాగ దొరికింది, నిండినయి." మహేందర్ తల వంచుకున్నాడు. "వదులైంది పటేలా. నాదే తప్పు. కొలత తప్పిన."

తప్పు ఒప్పుకున్నవాడిని ఏం చేయాలో మల్లేశానికి తెలియదు. ఏడో తరగతిలో బడి మాన్పిస్తే ట్రాక్టరు ఎక్కిన మనిషి. అప్పటి నుంచి ప్లాట్ల బేరాల దాకా, ఎదుటివాడు బుకాయిస్తాడు, తను గద్దించాలి, అంతే అతనికి తెలిసిన లోకం. గద్దించడానికి ఏమీ మిగలకపోయేసరికి చెయ్యి పోయి మహేందర్ కాలరు పట్టుకుంది.

మిషను చప్పుడు ఆగింది.

"ఇడువు పటేలా," అంది నాగమణి కూర్చున్న చోటి నుంచే. "అంగీ ఇడువు. అది నిన్ననే ఇస్త్రీ చేసిన."

"నువ్వు ఊకో," అన్నాడు మహేందర్, పట్టుబడ్డ మెడతోనే.

"నేనెందుకు ఊకుంట? మోకాలి పట్టీ జర వదులైతే పిక్కల మీదికి జారుతది. గంత ఎరుక లేకుంటే మాకు అన్నమెట్ల పుడ్తది? ఈయన కొలత తప్పలే. తప్పిపిచ్చిండ్రు."

"ఎవరు?"

"ఇంటికాడ అడుగు."

"ఏ ఇంటికాడ?"

"నీ ఇంటికాడ."

"నాగమణీ! ఒట్టేసిన్నే అక్కకు," అన్నాడు మహేందర్.

"నువ్వేసినవ్ ఒట్టు. నేనెయ్యలే." ఆమె లేచి వచ్చి మల్లేశం వేళ్ళను ఒక్కొక్కటే కాలరు నుంచి విడదీసింది, ముల్లు తీసినట్టు. "సుశీలక్క వచ్చింది పటేలా. మీ తండ్రీబిడ్డలు కొలతలిచ్చి పోయినంక, ఒక్కతే ఆటోల వచ్చింది. ఛాతి కాడ, తుంటి కాడ రెండు వేళ్ళ వదులు పెట్టు తమ్మీ, ఒళ్ళు అచ్చు గుద్దినట్టు కనవడొద్దు అన్నది. ఈయన వద్దనే అన్నడు. గీ గుడ్డ అతుక్కోని ఉంటెనే పని చేస్తదక్కా అన్నడు. అక్క కండ్లల్ల నీళ్ళు తీసుకున్నది. ఈయనకు ఆడోళ్ళ కండ్లల్ల నీళ్ళు చూస్తే మిషిన్ నడువది. నావి తప్ప."

భార్య పేరు వినేసరికి మల్లేశం చెయ్యి కిందికి వాలింది. పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

"పిల్ల పోయే కాడ ఎండాకాలమట గద పటేలా," అన్నాడు మహేందర్ కాలరు సర్దుకుంటూ, క్షమాపణ చెబుతున్నట్టు. "జర వదులైతే గాలి తగుల్తది తియ్ తమ్మీ, అన్నదక్క. నేను గూడ గంతేనేమో అనుకున్న."

"దీన్నే చిన్నగ చెయ్యరాదా?"

"కోసుకుంట పోతే చంకలు కిందికి జారుతయ్. పిల్లకు చేతులు లేవయ్. పలక మీద బోర్ల పండి చేతులతోనే గద నీళ్ళు కొట్టుకుంట పోయేది. కొత్తగనే కొయ్యాలె." బల్ల కింద చుట్ట చుట్టి ఉన్న గుడ్డను కాలితో చూపించాడు. "ఉన్నది ఒక్క సూటుకే. మళ్ళ తెప్పిద్దమంటే పిల్ల పోయేలోపు రాదు. ఈసారి తప్పితే తప్పినట్టే. గుడ్డల మీద తీసిన కొలత కాదు, ఒంటి మీది కొలత గావాలె. మొదలు గా పిల్ల చుడిదార్ మీద తీసిన, మంచిగుండదని. గదొక వదులు, అక్క పెట్టిపిచ్చిందొక వదులు."

"కొలతకు నాగమణిని పంపుతవా?" అన్నాడు మల్లేశం.

"నేనడిగిన ఆనాడే," అంది నాగమణి. "పిల్ల సిగ్గు వడ్డది. తల్లినే తియ్యమను. పెట్టిన వదులు పెట్టినామెనే తీసెయ్యాలె." తన మెడలోని టేపు తీసి అతని చేతిలో పెట్టింది.

*

సుశీల వసారాలో కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తొట్టి దగ్గర అరిచిన అరుపు తర్వాత ఆమె ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. చేట ముందు పెట్టుకుంది, కాయ తరవాత కాయ. కూర ముగ్గురికి సరిపడా కాదు, పెళ్ళికి సరిపడా అయింది.

"ఏమే, మహేందర్ కాడికి పోయినవా?" బండి దిగకముందే అడిగాడు మల్లేశం.

"పోయిన."

"రెండు వేళ్ళ వదులు పెట్టుమన్నవా?"

"అన్న."

కాదంటుందనుకున్నాడు. దారంతా కూడబెట్టుకున్న కోపంలో సగం ఆ కాదనే మాట కోసం దాచింది. అది ఖర్చు కాక లోపలే కూరుకుపోయింది.

"పిల్లను సంపుదామనుకున్నవా?"

చేతిలో చిక్కుడుకాయ నడిమికి విరిగింది. సుశీల తల ఎత్తింది. ఏడ్చి ఏడ్చి ఎండిన కళ్ళు.

"గా మాట ఇంకోపారి అంటే ఈ చేట నీ నెత్తి మీద బోర్లిస్త. ఎండాకాలమన్నరు. ఆడ జనవరిల ఎండలు కొడ్తయన్నరు. మన దిక్కు ఎండాకాలంల ఎవ్వరన్న బిర్రు బట్టలు ఏస్కుంటరా? పత్తి బట్టలు, వదులు బట్టలు, గంతేనాయె. మంచుగడ్డలు ఆటోలకెల్లి దించేటప్పుడు తెలిసింది నాకు అది సల్ల నీళ్ళ కోసమని. అప్పటికే అది సూటు ఏస్కున్నది. ఆపుండ్రి ఆపుండ్రి అని ఒర్లిన. నువ్వేమన్నవ్?"

ఏమన్నాడో మల్లేశానికి గుర్తుంది. "ఊకో, నీకేం తెల్వది" అన్నాడు.

"నాకొక్క మాట చెప్పకపోతివా మరి, వదులు పెట్టిపిచ్చిన అని?" మల్లేశం గొంతు తగ్గింది. "నన్నడగొద్దా?"

"నిన్నా?" సుశీల నవ్వింది. ఆ నవ్వు మల్లేశానికి నచ్చలేదు. "నిన్ను అడిగెటట్టుంటే దసరప్పుడే అడుగుదును. తియ్యి, ఫోను తియ్యి."

"ఫోనెందుకు?"

"తియ్యి. మీ వార్డు గ్రూపు. దసర కాడ ఆగు."

ఫోను తీయకుండానే మల్లేశానికి అర్థమైంది. ఈసారి వార్డులో కౌన్సిలరుగా నిలబడాలని అతని కోరిక. పార్టీ టికెట్ ఎవరికో తేల్చే పెద్దమనిషి సిద్దయ్య ఆ గ్రూపులోనే ఉంటాడు. పొద్దున లేస్తే అందులో దేవుళ్ళ బొమ్మలు, శుభోదయాలు, పుట్టినరోజు కేకులు. దసరా రోజుల్లో ఒకడు అశ్రిత ఫోటో పెట్టాడు. విశాఖ ఒడ్డున, బయటి నుంచి తెప్పించిన సూటును వేసి చూసిన రోజు, తడి ఒంటికి అతుక్కున్న ఆ నల్ల సూటులో, చంకలో పలక పెట్టుకొని నవ్వుతున్న ఫోటో. కింద రాత: 'కాబోయే కౌన్సిలర్ సాబ్ బిడ్డ. మస్తుగున్నది.' దాని కింద వరసగా కళ్ళ నీళ్ళు కారేలా నవ్వే బొమ్మలు. అందులో ఒకటి సిద్దయ్యది.

"పక్కింటి పద్మమ్మ చూపెట్టింది నాకు," అంది సుశీల. "చాయ తాగుకుంట, బిస్కెట్ ముంచుకుంట చూపెట్టింది. మీ ఆయన గూడ చూసిండక్కా, జవాబు గూడ పెట్టిండు అన్నది. ఏం పెట్టినవ్?"

"సుశీలా..."

"చెప్పు. లోపల బిడ్డ ఉన్నది, ఇననీ. ఏం పెట్టినవ్?"

"దండం బొమ్మ."

"రెండు దండాలు."

మల్లేశం వసారా అంచున కూర్చున్నాడు. చెప్పులు విప్పాడు. మళ్ళీ తొడుక్కున్నాడు. "ఓట్లోళ్ళు గదనే. తిడితే లొల్లి పెద్దగైతది. లొల్లి పెద్దగైతే ఫోటో ఇంకా పది గ్రూపులల్లకు పోతది. గట్లనుకున్న."

"ఎరికే. నీకు ఓట్లున్నయి, గ్రూపున్నది, దండం పెట్టినవ్. నాకేమున్నది? నేనేడ నిలవడ. నాకు జవాబు పెట్టరాదు. నా చేతుల ఉన్నది రెండు వేళ్ళ గుడ్డ. అదే పెట్టిన."

మల్లేశం వాకిట్లోని కోడిని చూస్తూ కూర్చున్నాడు. ఆ కోడి కూడా అతని వైపు చూడలేదు.

*

తలుపు కిర్రుమంది. అశ్రిత దుప్పటి భుజాల చుట్టూ చుట్టుకొని గడపలో నిలబడింది. ముఖం ఇంకా పాలిపోయే ఉంది. తల్లి పక్కన వచ్చి కూర్చొని చేటలోంచి ఒక కాయ తీసుకుంది.

"నన్ను గూడ తిట్టమ్మా. ఎండాకాలమని చెప్పింది నేనే. నీళ్ళ సంగతి చెప్పలే."

"ఎండాకాలంల నీళ్ళు సల్లగెట్లుంటయే?" అంది సుశీల. కోపం కన్నా ఆరాటమే ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "మన చెరువు ఏప్రిల్‌ల చెయ్యి పెడితే కాగిన నీళ్ళ లెక్కుంటది."

"చెరువు సంగతి వేరు. పెద్ద సముద్రం జల్ది కాగదు, జల్ది సల్లారదు. మస్తు జాగలల్ల సలికాలం పోయినంకనే నీళ్ళు బాగ సల్లబడ్తయ్. కేప్‌టౌన్ ఒడ్డుకు ఇంకో తిరకాసున్నది." అశ్రిత అరచేతిని గ్లాసులా పట్టుకొని ఊదింది. "పాల గ్లాసు మీద ఊదుతవు గద. మీగడేమైతది?"

"పక్కకు పోతది."

"కింద పాలు పైకొస్తయ్. ఆడ ఎండాకాలంలనే జోరుగ గాలి కొడ్తది. పైన ఎండకు కాగిన నీళ్ళను ఒడ్డు కాడికెల్లి లోపలికి తోసేస్తది. అడుగున్న సల్ల నీళ్ళు పైకొస్తయ్. అందుకే ఆ ఒడ్డు మీద సలికాలం కన్న ఎండాకాలంలనే నీళ్ళు ఎక్కువ సల్లగుంటయ్. పైన ఎండకు మాడు పగుల్తది, నీళ్ళల్ల కాలు పెడితే ఎముకలు గుంజుతయ్."

"మన బోరు నీళ్ళు సలికాలం పొగలు కక్కుతయ్ గద," అని గొణిగాడు మల్లేశం. "కింది నీళ్ళ లెక్కనే వేరు." తల్లీబిడ్డలు అతని వైపు చూశారు. అతను మళ్ళీ కోడి వైపు తిరిగాడు.

"ఎంత సల్లగుంటయే?" అంది సుశీల.

"విశాఖల సలికాలంల గూడ ఇరవై అయిదు డిగ్రీల కిందికి పోవుడు తక్కువ. ఆడ పలచటి బనీను సాలు. కేప్‌టౌన్‌ల గాలి కొట్టిన రోజు పన్నెండు, ఒక్కోపారి పది. ఫ్రిజ్‌లకెల్లి తీసి జర సేపు బయట పెట్టిన బాటిల్ లెక్క. దాన్ల గంట సేపుండాలె. అందుకే ఛాతికి, నడుముకు నాలుగు మిల్లీమీటర్ల మందం, చేతులు ఆడాలె గనక చేతులకు మూడు. మందం ఒక్కటే సాలదమ్మా. సూటు లోపలికి జరన్ని నీళ్ళు పోతయ్. అవి ఒంటి వేడితోని వెచ్చగైతయ్. ఆ వెచ్చటి నీళ్ళే కాపాడేది. వదులుంటే అల కొట్టినప్పుడల్ల అవి బయటికి పోయి కొత్త సల్ల నీళ్ళొస్తయ్. ఎంత కాగపెట్టినా ఆగది. ఒళ్ళే పొయ్యి గద, ఆరిపోతది."

సుశీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గీ ముచ్చట నాకు ముందుగాల చెప్పొద్దా?"

"చెప్తే పోనిస్తుంటివా?"

సుశీల ఆలోచించింది. అబద్ధం ఆడవచ్చు. ఆడలేదు. "పోనియ్యకపోదును."

ఒకరు ఎండ అని దాచారు, ఒకరు దండం పెట్టి దాచారు, ఒకరు కంటనీరు పెట్టుకొని దాచారు. ఎవరి చేతిలోనూ కత్తి లేదు. అయినా పిల్ల తొట్టిలో చచ్చేదాకా పోయింది. ప్రేమ ఉన్న ఇళ్ళలోనే ఇలా జరుగుతుంది. పరాయివాళ్ళయితే ముందే పోట్లాడుకునేవాళ్ళు.

మల్లేశం జేబులోంచి టేపు తీసి చేట మీద పెట్టాడు. "గుడ్డ ఒక్క సూటుకే ఉన్నదట. ఒంటి మీది కొలత గావాలెనట. తల్లినే తియ్యమన్నరు."

సుశీల టేపును ముట్టుకోలేదు. "నేనా? అది పెద్దమనిషైన కాడికెల్లి దాని ఒళ్ళు నేను చూడలే."

"గ్రూపుల అందరు చూసిండ్రు," అంది అశ్రిత మెల్లగా. "నువ్వొక్కదానివే చూడలే అమ్మా."

సుశీల చేతులు కొంగుకు తుడుచుకుంది. రెండు సార్లు తుడుచుకుంది. టేపు తీసుకొని లేచింది. తల్లీబిడ్డలు లోపలికి పోయారు. తలుపు మూసుకుంది.

*

వసారాలో మల్లేశం, చేట, ఫోను.

లోపల నుంచి అశ్రిత గొంతు: "ఇంక బిర్రుగ పట్టమ్మా. ఇంక. వేలు దూరొద్దు." ఆ తర్వాత సుశీల: "ఏమే, గీ భుజాలేందే! మీ బాపువి గూడ గింత లేవు." "పలక మీద నీళ్ళు కొట్టికొట్టి అయినయ్." "నడుం కాడ ఊపిరి బిగవట్టకే, దొంగ కొలతొస్తది." "చక్కిలిగిలి పెడ్తున్నవ్!" ఆ వెంటనే ఇద్దరి నవ్వు. తొట్టి దగ్గరి అరుపు తర్వాత ఆ ఇంట్లో వినబడ్డ మొదటి నవ్వు అది.

మల్లేశం ఫోను తీసి గ్రూపు తెరిచాడు. శుభోదయాలను, కేకులను, గణపతులను కిందికి తోసుకుంటూ దసరా దాకా వెళ్ళాడు. ఫోటో అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ దాని కింది రాతలే చూశాడు గానీ, బొమ్మను సరిగ్గా చూడలేదు. పిల్ల వెనక ఒక అల విరుగుతోంది. పలక అంచున చిన్నగా ఎర్రరంగుతో తెలుగులో 'శామీర్‌పేట' అని రాసుకుంది. దండం పెట్టిన రోజు అతనికి ఆ అక్షరాలు కనిపించలేదు.

రాయబోయాడు. ఒత్తు తప్పింది. చెరిపాడు. మళ్ళీ తప్పింది. బడి మాన్పించినవాళ్ళ మీద ఎప్పుడూ ఉండే కోపం ఒకసారి వచ్చి పోయింది. రాత వద్దనుకొని మైకు బొమ్మను బొటనవేలితో అదిమిపట్టాడు.

"నేను మల్లేశాన్ని మాట్లాడుతున్న. దసరప్పుడు ఈడ ఒక ఫోటో పెట్టిండ్రు. అది నా బిడ్డ అశ్రిత. అది ఏస్కున్నది సోకు కోసం ఏస్కున్నది కాదు, నీళ్ళల్లకెల్లి పానంతోని బయటికి రానీకి ఏస్కునేది. గా నాడు నేను రెండు దండాలు పెట్టిన. గా రెండు దండాలు వాపస్ తీస్కుంటున్న. ఈ ఆదివారం పొద్దుగాల మా పొలం కాడ తొట్టిల మంచుగడ్డలేసి, నా బిడ్డ మళ్ళ దిగుతది. నవ్వినోళ్ళందరు రాండ్రి. ముందుగాల మీ చెయ్యి దాన్ల ముంచుండ్రి. చెయ్యి మీదేనని ఎరుకైనంత సేపు ఉంచి, గప్పుడు నవ్వుండ్రి."

వేలు తీశాడు. మాట వెళ్ళిపోయింది.

గ్రూపు అంటే గోల. రోజంతా గంటలు కొట్టినట్టు మోగుతూనే ఉండేది. ఇప్పుడు చప్పుడు లేదు. చూసినవాళ్ళ పేర్ల వరస మాత్రం పెరుగుతోంది. ఒక్క బొమ్మా రాలేదు.

తలుపు తెరుచుకుంది. సుశీల మెడలో టేపు. ఆమె వెనక అశ్రిత, కొలతల కోసం వేసుకున్న ఈత బట్టల్లోనే, చేతులు లేని నల్ల బనీను, మోకాళ్ళ పైకి లాగు. ఒక భుజం మీంచి దుప్పటి జారి ఉంది.

"అన్ని ఇన్నం," అంది సుశీల. "తలుపుకు చెవులుండవనుకుంటవ్ నువ్వు."

"పంపిన."

"టికెట్?"

మల్లేశం భుజాలు ఎగరేశాడు. అప్పుడు ఫోను మోగింది. గ్రూపులో గొంతుతో పంపిన సందేశం, సన్నటి గీతలా. పంపింది సిద్దయ్య. మూడు ప్రాణాలు ఆ చిన్న గీత మీద నిలబడ్డాయి. మల్లేశం వేలు దాని దాకా పోయి ఆగింది. సుశీల ఫోను లాక్కొని నొక్కబోయేంతలో ఆ గీత మాయమైంది. సందేశం తొలగించారని రాసి ఉంది.

"ఏమన్నడో మరి," అన్నాడు మల్లేశం. "తిట్టి తీసేసిండా? బెదిరిచ్చి తీసేసిండా?"

జవాబు గేటు దగ్గర నుంచి వచ్చింది. కారు హారన్, పొడుగ్గా, ఒక్కటే. వేపచెట్టు మలుపులో దుమ్ము ఇంకా కిందికి దిగలేదు. మలుపు అవతలే ఉండే సిద్దయ్య తెల్ల కారు. ఆ చుట్టుపక్కల ఆ కారు తెలియని కోడిపిల్ల కూడా లేదు.

మల్లేశం లేచి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ రెండు చేతులూ దగ్గరికి రాబోయాయి. వాటిని విడదీసి వెనక్కి కట్టుకున్నాడు.

సుశీల చెయ్యి కూడా అలవాటు కొద్దీ కూతురి భుజం మీది దుప్పటి దాకా వెళ్ళింది. 'లోపలికి పో' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. తన తల్లి తనతో అన్న మాట, తను కూతురితో పుట్టినప్పటి నుంచి అంటున్న మాట. ఆ మాటను మింగింది.

"ఈడనే నిలవడు బిడ్డా," అంది. "నా పక్కన."

గేటు తోసుకొని కారు వాకిట్లోకి వచ్చి ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది.

ముందుగా దిగింది సిద్దయ్య కాదు. ఎవరో వచ్చే వారం చూద్దాం.